గుమ్మం అత్త

ఆ ఫొటో వచ్చినప్పుడు ఆమె ఒక పెద్దాయన కళ్ళజోడుకి అద్దం అరగదీస్తోంది. అద్దం అంచుని తిరిగే రాయికి ఆనించి, పైనుంచి సన్నగా నీళ్ళు పడుతుంటే, రెండు వేళ్ళతో మెల్లగా తిప్పాలి. మధ్యమధ్యలో తీసి ఫ్రేములో పెట్టి చూసుకోవాలి. బిగుతుగా ఉంటే ఇంకాస్త తీయవచ్చు. ఎక్కువ తీస్తే మాత్రం చేసేదేమీ లేదు, ఆ అద్దం పనికిరాదు.

ఫోను బల్లమీద గిర్రుమంది. ఆమె తలతిప్పి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది. చేతిలో అద్దం రాయిమీద తిరుగుతూనే ఉంది.

ఒక పసివాడి పైపెదవి. గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డ. చీలిక ఆమెకు కొత్తకాదు, అలాంటి పెదవులు ఎన్నో చూసింది. ఆ చీలికకు అటూ ఇటూ ఎర్రగా లేచిన బొబ్బలు మాత్రం ఎప్పుడూ చూడలేదు. కింద ఫోరంలో అందరూ టీచరమ్మ అని పిలిచే ఆవిడ రాసింది: "ఆపరేషన్ లేకుండా మొర్రి కలిసిపోయే మలాము అని మన ఫోరంలోనే చూసి తెప్పించాను. రాసిన రెండోనాటికి ఇలా అయింది. ఆపరేషన్ వాయిదా వేశారు."

ఆమె తేరుకుని తీసి పెట్టి చూసేసరికి అద్దం ఫ్రేములో వదులుగా గలగలాడింది.

"ఏమ్మా, పోయిందా?" అన్నాడు కొట్టు ఓనరు, గల్లాపెట్టె దగ్గర నుంచి.

"పోయింది. ఇంకోటి చేస్తాను," అంది ఆమె.

ఆ ఫోరం ఆమెదే. మొర్రితో పుట్టిన పిల్లల తల్లులూ తండ్రులూ ఒకరినొకరు అడిగి తెలుసుకునే చోటు. పాలు ముక్కులోంచి వస్తే ఏం చేయాలి, ఆపరేషన్ అయ్యాక చేతులు నోట్లో పెట్టుకోకుండా ఎలా చూడాలి, చూడ్డానికొచ్చిన చుట్టాలు మొహం చిట్లిస్తే ఏమనాలి, అన్నీ అక్కడే. కొత్తగా ఎవరొచ్చినా మొదట పలకరించేది ఆమె. అందుకని గుమ్మం అత్త అనే పేరొచ్చింది. ఆమె కొడుకు ఇప్పుడు బస్సు నడుపుతాడు. పెదవి మీది గీతను మీసం కప్పేసింది.

ఇంతకాలం గుమ్మానికి తలుపులేదు. వచ్చి రాసుకోవడమే. ఈమధ్య అప్పులిస్తామనేవాళ్ళూ, జుట్టు మొలిపిస్తామనేవాళ్ళూ, పేకాట పిలుపులూ ఎక్కువయ్యాయి. ఆమె పొద్దున్నే ఇల్లు ఊడ్చినట్టు వాటిని ఊడ్చేసేది. ఆ మలాము వాడు మాత్రం ఆమె కొట్లో గిరాకీలతో ఉన్న వేళ వచ్చి, ఊడ్చేలోపే టీచరమ్మ కంట పడ్డాడు.

సాయంత్రం ఇంటికి వెళుతూనే మేడ మీద తమ్ముడి గదికి ఎక్కింది. ఫోరాన్ని నడిపించే కంప్యూటరు పని అంతా అతనిదే. ఉద్యోగం ఇంట్లో నుంచే కాబట్టి ఎప్పుడు చూసినా ఆ కుర్చీలోనే ఉంటాడు.

"గేటు కట్టరా," అంది, కూర్చోకుండానే.

"చెప్పాగా ఎప్పుడో. కడతాను. కానీ అక్కా, గేటు దొంగనీ చుట్టాన్నీ ఒకేలా ఆపుతుంది."

"చుట్టమైతే ఓపిగ్గా నిలబడతాడు. దొంగే విసుగొచ్చి పోతాడు."

తమ్ముడు కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఆమె మొహం చూశాక ఇంకేం అనబుద్ధి కాలేదు. కొత్తగా చేరేవాళ్ళకి ముందు బొమ్మల గళ్ళు వస్తాయి, మెట్లున్న గళ్ళన్నీ నొక్కాలి. తర్వాత మెయిలుకు ఒక లింకు, ఫోనుకు ఒక కోడు. అవన్నీ దాటి రాసిన మొదటి పోస్టు కూడా వెంటనే కనపడదు, ఆమె చూసి వదలాలి. ఒకటే విషయం మళ్ళీ మళ్ళీ పంపితే నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది.

"కొన్ని మాటలు కూడా పెట్టుకోవచ్చు. అవి ఉంటే నీదాకా రాకుండానే బుట్టలో పడతాయి," అన్నాడు తమ్ముడు.

ఆమె అతని మంచం మీద పడి ఉన్న ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పసాగింది. "మలాము పెట్టు. గ్యారంటీ. ధర. వెంటనే. వాడు సీసా సీసా అని చంపాడు, సీసా కూడా పెట్టు. ఎక్కడ దొరుకుతుంది."

"ఇవి మనవాళ్ళూ రాస్తారేమో."

"పాతవాళ్ళకి వద్దు. కొత్తవాళ్ళ మొదటి పోస్టుకే పెట్టు."

"కొత్తవాళ్ళు మొదట ఏం రాస్తారు మరి?"

"నమస్కారం అని రాస్తారు. నేను చూడలేదా ఇన్నేళ్ళూ?"

బుట్టలో పడ్డవాళ్ళకు కనపడే వాక్యం కూడా ఆమే చెప్పింది. 'మీ పోస్టు ప్రకటనలా ఉంది. ఇక్కడ అమ్మకాలు కుదరవు.' మర్యాదగా ఉండాలని చివర 'దయచేసి గమనించగలరు' అని చేర్పించింది.

ఫోరం అద్దంలా అయిపోయింది. పొద్దున తెరిస్తే నిన్నటి మాటలు నిన్నటిచోటే ఉన్నాయి, మధ్యలో ఒక్క బూతుబొమ్మ లేదు. పాతవాళ్ళు మెచ్చుకున్నారు. టీచరమ్మ ఒకే ఒక వాక్యం రాసింది: "ఇప్పుడు నిశ్చింతగా ఉంది." ఆ వాక్యాన్ని ఆమె కొట్లో టీ తాగుతూ మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

చెత్తబుట్ట పక్కన మాత్రం ఎర్ర అంకె పెరుగుతూనే ఉండేది. మొదట్లో ఒక్కొక్కటీ తెరిచి చూసింది. అప్పులు, జుట్టు, పేకాట, మళ్ళీ అప్పులు. చేతికి మురికి అంటినట్టనిపించేది. తర్వాత తెరవడం మానేసింది. గిరాకీకీ గిరాకీకీ మధ్య 'ఖాళీ చేయి' అన్నచోట నొక్కి ఫోను పక్కన పడేసేది.

కొత్తగా చేరేవాళ్ళు బాగా తగ్గారని ఆమె గమనించకపోలేదు. ఇలాంటి పిల్లలు పుట్టడం తగ్గిందేమోలే, మంచిదేగా అనుకుంది.

పిల్లల ఆసుపత్రిలో మొర్రి ఆపరేషన్ల విభాగంలో ఒక నర్సమ్మ ఉంది. బిడ్డను చూపించుకుని వెళ్ళే తల్లులకు ఫోరం అడ్రసు చెప్పి పంపేది ఆవిడే. ఆవిడ ఫోను చేసినప్పుడు గుమ్మం అత్త ఒకమ్మాయి ముక్కు మీద ఫ్రేము సరిచేస్తోంది.

"అక్కా, ఫోరం మూసేశారా?"

"లేదే. ఎందుకలా అడిగావు?"

"నేను పంపినవాళ్ళంతా లోపలికి వెళ్ళలేకపోతున్నామంటున్నారు. నాలుగు ముక్కలు చెప్పేవాళ్ళు లేక ఒకమ్మాయి నానా అవస్థా పడిందక్కా. పిల్లాడు పాలు తాగలేక బరువు తగ్గిపోతే మళ్ళీ తెచ్చి చేర్చారు. ముందే రావచ్చుగా అన్నాను. ఫోరంలో రాశాను, జవాబొస్తుందని చూస్తున్నాను అంది."

"మాకేం రాలేదే," అంది ఆమె. అన్న మరుక్షణం చెత్తబుట్ట పక్కన ఎర్ర అంకె గుర్తొచ్చింది.

ఆ అమ్మాయికి ఫ్రేము పెట్టి, అద్దంలో చూసుకోమని చెప్పి, వెనకగదిలోకి వెళ్ళింది. స్టూలు మీద కూర్చుని చెత్తబుట్ట తెరిచింది. అప్పులు, జుట్టు, పేకాట. వాటి మధ్యలో:

"మా బాబు పుట్టి కొద్ది రోజులే అయింది. పాలు లాగలేకపోతున్నాడు. నొక్కితే పాలు వచ్చే సీసా ఉంటుందట, ఎక్కడ దొరుకుతుంది? వెంటనే కావాలి."

ఇంకాస్త కిందికి జరిపితే అదే పేరుతో: "నేను అమ్మేదాన్ని కాదండీ. కొనుక్కునేదాన్ని. సీసా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి."

దాని తర్వాత: "సీసా లేకపోయినా పరవాలేదు. ఎలా పట్టాలో చెప్పినా చాలు."

అందులోనూ సీసా ఉంది. అదీ బుట్టలో పడింది. ఆ పిల్లకు ప్రతిసారీ తను చెప్పి రాయించిన వాక్యమే కనపడి ఉంటుంది, దయచేసి గమనించగలరు అంటూ.

వేరేవాళ్ళవీ ఉన్నాయి. ఒకాయన రాత్రిళ్ళు పాపకు ఊపిరి ఆడుతుందో లేదో భయంగా ఉంది, వెంటనే చెప్పండని రాశాడు. అంతకుముందువి ఏం ఉండేవో తెలియదు. అవి తనే ఖాళీ చేసేసింది.

ఆమె ముందు ఆ ఊపిరి సంగతి రాసినాయనకు జవాబు పెట్టింది, ఆలస్యం చేయకుండా పాపను డాక్టరుకు చూపించమని. తర్వాత లేచి ఓనరు దగ్గరికి వెళ్ళి, "ఈపూట నేను వెళ్ళాలి," అంది. వెళ్ళమన్నట్టు ఆయన చేయి ఊపాడు.

ఇంటికి పోయి, అటకమీది డబ్బాలో అవసరానికని దాచి ఉంచిన నొక్కుడు సీసా ఒకటి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

ఆ పిల్ల కిటికీ పక్క మంచం మీద ఉంది. జడ వేసుకుని ఎన్నాళ్ళయిందో, జుట్టంతా పైకి చుట్టి పెన్ను గుచ్చింది. ఒళ్ళో బిడ్డ. ముక్కులోంచి సన్నటి గొట్టం, చెంపమీద ప్లాస్టరు. నర్సమ్మ, "ఈవిడ బిడ్డకూ మొర్రేనమ్మా, నీకు పాలు పట్టడం చూపిస్తారు," అని చెప్పి వేరే పనిమీద వెళ్ళింది.

"ఫోరంలో రాశావటగా," అంది గుమ్మం అత్త, స్టూలు లాక్కుంటూ.

"రాశానండీ. మీరూ అందులో ఉన్నారా?"

"ఉన్నాను."

"మీకెలా తెరుచుకుందండీ అది?" ఆ పిల్ల నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "కాస్త బాబుని పట్టుకోండి, దుప్పటి సర్దుకుంటాను. ఇదిగో నా ఫోను. మా ఆయన పేరుమీద చేరదామని మళ్ళీ మొదలుపెట్టాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో చూసి చెప్పండి."

ఆమె బిడ్డను ఎడంచేతి మీద నిలువుగా పెట్టుకుంది. బరువే లేడు. కుడిచేతిలో ఫోను. మెట్లున్న గళ్ళన్నీ నొక్కమంది. గళ్ళు గోరంత ఉన్నాయి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి, పైకి తోసుకుందామంటే చేయి ఖాళీ లేదు. ఒక గడిలో ఇంటిముందు అరుగు ఉంది, అది మెట్ల లెక్కలోకి వస్తుందో రాదో తెలియలేదు. బిడ్డ కదిలాడు. బొటనవేలు పక్క గడి మీద పడింది. బొమ్మలన్నీ మాయమై కొత్తవి వచ్చాయి. మళ్ళీ మొదటినుంచి. ఈసారి బిడ్డ తల పక్కకు వాలితే సరిచేసేలోగా గడువు దాటింది.

'మీరు మనిషి అని నిర్ధారించుకోలేకపోయాం,' అని వచ్చింది తెరమీద.

"నాకూ అదే వచ్చిందండీ," అంది ఆ పిల్ల, దుప్పటి కొస పరుపు కిందికి తోస్తూ. "ఎలాగో దాటితే ఇంకేదో అడిగింది. అదీ చేశాను. చివరికి నేనేదో అమ్ముకుంటున్నానంది. మంచివాళ్ళేనట అందులో ఉన్నవాళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళయిపోయి ఉంటారు. ఒంటిచేత్తో ఎన్ని పనులు చేసుకోవాలో మర్చిపోయి ఉంటారు, పాపం."

గుమ్మం అత్త ఫోను మంచం మీద పెట్టింది.

"అవన్నీ అడ్డం పెట్టింది నేనేనమ్మా."

ఆ పిల్ల ఆమె వైపు చూసింది. కోపం కనపడలేదు. అర్థంకానట్టు చూసింది. "ఎందుకండీ?"

ఆమె చెప్పింది. మలాము అమ్మేవాడు వచ్చిన సంగతి, ఒక తల్లి నమ్మిన సంగతి, బిడ్డ పెదవి బొబ్బలెక్కిన సంగతి. ఇంకెవరికీ అలా కాకూడదనే అని చివర అనబోయి, ఆ మాట తనకే సాకులా వినపడి ఆపేసింది.

ఆ పిల్ల విన్నంతసేపూ తన బిడ్డ పెదవి వైపే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, దిండు కింద చేయిపెట్టి వెతికి, ఒక చిన్న డబ్బా బయటికి తీసింది. ఆకుపచ్చ మూత. మూత మీద నవ్వుతున్న పాప బొమ్మ.

"ఇదేనా?"

గుమ్మం అత్తకు ఆ మూత తెలుసు, మలాము వాడి పోస్టులో చూసిందే. "ఎక్కడిది?"

"ఒకాయన ఫోన్లో చెప్పాడు. మావారు తెచ్చారు. నాకే ఎందుకో అనుమానమొచ్చి, ఎవరినైనా అడిగి రాద్దామన్నాను. డాక్టరుగారిని అడిగితే తిడతారని భయం. ఫోరంలో అడుగుదామనుకున్నా, వాళ్ళకైతే తెలుస్తుంది కదా అని. సీసా సంగతికే జవాబు రాలేదు, ఇక ఇదేం అడుగుతాను? ఇంటికెళ్ళాక రాసి చూద్దామన్నారు మావారు."

"అది నర్సమ్మకిచ్చెయ్యి," అంది గుమ్మం అత్త. "తిట్టదు. నేనుంటాను."

"ఇస్తాను. ముందు పాలు పట్టడం చూపించండి," అంది ఆ పిల్ల.

డాక్టరు ఆ సాయంత్రం నుంచి కొద్దికొద్దిగా నోటితో పట్టి చూడమన్నాడట. ఆమె బిడ్డను మోకాలి మీద నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కింద వేలు ఆనించింది. "పడుకోబెట్టి పట్టకు, ముక్కులోకి ఎక్కుతుంది. వాడు లాగలేడు, అందుకని నువ్వు నొక్కాలి. నీ ఇష్టం వచ్చినట్టు కాదు. గొంతు చూడు, వాడు మింగినప్పుడు నొక్కు. ఆగినప్పుడు ఆగు. తొందరపడ్డావో, ఉక్కిరిబిక్కిరి అవుతాడు." ఆ పిల్ల సీసా అందుకుంది. మొదట ఎక్కువ నొక్కింది, పాలు గడ్డం మీదుగా కారాయి. తర్వాత బిడ్డ గొంతు మీదనుంచి చూపు తిప్పకుండా, పెదవులు బిగబట్టి, వాడు మింగితే తనూ మింగుతూ పట్టింది.

మర్నాడు పొద్దున తమ్ముడు జరిగినదంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"దొంగ విసుక్కోడక్కా. రాసేది మనిషి కాదు, ప్రోగ్రాము. దానికి ఎన్నిసార్లైనా ఓపికే. విసుగొచ్చి వెళ్ళిపోయేది చుట్టాలే."

"ఆ మాట ఆరోజే చెప్పొచ్చుగా."

"చెప్తే వినే మొహంతో వచ్చావా?"

ఆమె ఒప్పుకుంటున్నట్టు తలూపింది. "గేటు మొత్తం తీసెయ్."

"తీస్తే మలాము వాడు రేపటికల్లా లోపలుంటాడు. అలా కాదు. లోపలి ఇంటికి గేటు ఉంచుదాం. ముందు ఒక వరండా వేద్దాం. ఎవరైనా రావచ్చు, పేరు కూడా అక్కర్లేదు. లింకులు, ఫోను నంబర్లు, బొమ్మలు మాత్రం అక్కడ అతకవు. ఉత్త మాటలే."

"మాటలతోనే మోసం చేసేవాడు వస్తే?"

"దానికి నా దగ్గర ప్రోగ్రాము లేదు. మనిషి కూర్చోవాలి. పొద్దస్తమానం ఎవరో ఒకరు."

వరండా సంగతి ఫోరంలో చెప్పగానే టీచరమ్మ ఫోను చేసింది. ఎప్పుడూ వినని గొంతు. రాసినట్టే, మాట మాటా విడివిడిగా పలుకుతుంది.

"మా వాడి పెదవి చూశాక కూడా తలుపు తీస్తారా మీరు?"

"ఇంకో బిడ్డ పెదవి మీదికి ఆ డబ్బా వెళ్ళబోయిందమ్మా. తలుపు వేసి ఉండబట్టే."

"అది ఒక్కరి సంగతి. తెరిచి ఉంటే ఎంతమంది నాలాగ మోసపోతారో లెక్క వేశారా?"

"వేయలేను. బయట ఆగిపోయినవాళ్ళ లెక్కా నాకు తెలియదు. వాళ్ళని నేనే ఖాళీ చేశాను."

"మీరు చేసేది తప్పనే అంటాను. నేనక్కడ ఉండను," అంది టీచరమ్మ. పెట్టేసింది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

వరండాలోకి మొదట వచ్చింది చెత్తే. తాపీ పని చేసే ఒక తండ్రి, అందరూ మేస్త్రి అని పిలిచేవాడు, పొద్దుటిపూట చూస్తానన్నాడు. మిగతాది ఆమె మీదే పడింది. ఒక చేత్తో అద్దం తుడుస్తూ ఇంకో చేత్తో అప్పులవాళ్ళను ఊడ్చేది. ఓనరు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చెత్త మధ్యలో మెల్లగా మనుషులూ రాసాగారు. పేర్లు లేవు, నమస్కారాలు లేవు. పాలు, ఊపిరి, అత్తగారి మాటలు. ఒక్కరు కూడా నమస్కారంతో మొదలుపెట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె చేతులు రెండూ రాయి దగ్గర నీళ్ళలో ఉన్నాయి. ఫోను మోగింది. మెడ సాచి చూసింది. వరండాలో కొత్త మాట: "మా పాపకు ఆకుపచ్చ మూత మలాము వాడాం. ఆపరేషన్ లేకుండానే కలిసిపోయింది. దేవుడిలాంటి మందు. కావలసినవాళ్ళు అడగండి."

ఈసారి ఆమె ముందు అద్దం తీసి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. తుడుచుకునేలోపే ఆ మాటల కింద మరో నాలుగు వాక్యాలు వచ్చి చేరాయి. చుక్కలూ కామాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి.

"నేను ఒక తల్లిని. ఇదే మలాము మా అబ్బాయికి రాశాను. పెదవి కాలినట్టు బొబ్బలెక్కి, ఆపరేషన్ వెనక్కి వెళ్ళింది. మీ పాపకు ఆపరేషన్ చేయవలసి ఉన్న డాక్టరుగారు ఎవరో, ఆయన చూసి ఏమన్నారో ఇక్కడే చెప్పండి."

టీచరమ్మ. వెళ్ళిపోయానన్న మనిషి బయట నిలబడి చదువుతూనే ఉందన్నమాట.

మలాము వాడి నుంచి జవాబు లేదు. ఆమె వాడి మాటల పక్కన 'తీసివేయి' అన్నచోటికి వేలు పోనిచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"తీయకండి," అంది టీచరమ్మ.

"వాడి రాత ఉంచమంటారా?"

"ఉంచండి. వాడిది పైన, నాది కింద. ఆ రోజు నేను చదివినప్పుడు కింద ఏమీ లేదు. మీరు తీసేస్తే, రేపు వాడు ఫోన్లో చెప్పినవాళ్ళు ఇక్కడికొచ్చి వెతికితే ఏమీ కనపడదు. ఏమీ లేదు కాబట్టి మంచిదే అనుకుంటారు."

గుమ్మం అత్త వేలు వెనక్కి తీసుకుంది. ఆమెకు ఆ ఆలోచన రాలేదు. చెత్త అంటే ఊడ్చేయడమే తెలుసు.

"మధ్యాహ్నాలు ఎవరు చూస్తున్నారు?" అంది టీచరమ్మ.

"నేనే."

"మీకు గిరాకీలుంటాయి కదా. మా బడి పొద్దుటిపూటే. వచ్చాక నేను చూస్తాను. తలుపు తీయడం తప్పనే ఇప్పటికీ అంటాను. అది వేరే విషయం."

ఆమె సరేననబోతుండగా తెరమీద మరో వాక్యం వచ్చింది. ఎవరిదో తెలియదు. అక్షరాలు తడబడి ఉన్నాయి.

"మేమూ కొన్నాం ఇది. పొద్దున ఒకసారి రాశాం. కొంచెం ఎర్రగా అయింది. ఇప్పుడేం చేయాలండీ"

ఇద్దరూ చదివినట్టున్నారు.

"ఉండండి," అంది టీచరమ్మ. "నేను చెప్తాను వాళ్ళకి." ఫోను పెట్టేసింది.

ఆమె రాయి వైపు తిరగలేదు. నిలబడే చూసింది. వరండాలో ఆ అక్షరాల కింద, చుక్కలూ కామాలూ లేకుండా, తొందరలో రాసినట్టుగా జవాబు మొదలైంది: "అమ్మా భయపడకు ముందు మంచినీళ్ళతో మెల్లగా కడిగెయ్ రుద్దొద్దు తర్వాత వెంటనే డాక్టరు దగ్గరికి బయల్దేరు"